పొలిమేర లేని ఊరిగుడి

ఇంగ్లండు పల్లెల్లో ‘పారిష్’ అనే మాటకు ఉన్న అర్థాన్ని తెలంగాణ పాఠకుడికి విప్పి చెప్పాలంటే పొలిమేర, బొడ్రాయి అన్న రెండు మాటలు చాలావరకు సరిపోతాయి. హద్దులు తేలి, ఒక గురువు ఆలనాపాలన కింద ఉండి, సాధారణంగా ఒకటి రెండు ఊళ్లకు మించని నేలను అక్కడ పారిష్ అన్నారు. ఆ నేల మీద పుట్టిన బిడ్డకు బాప్తిస్మం, ఎదిగిన జంటకు పెండ్లి, కన్నుమూసిన వారికి సమాధి అనే మూడు కార్యాలూ జరగవలసిన గుడిని పారిష్ చర్చి అన్నారు. తెలుగు కతోలికులు ఈ భావనకు ‘విచారణ’ అనే చక్కని మాటను ఎన్నుకుని, అక్కడి గురువును విచారణ గురువు అని పిలుస్తుండగా, ప్రొటెస్టెంటు సంఘాలు ‘పాస్టరేటు’ అనే మాటతో సరిపెట్టుకున్నాయి.

పన్నెండో శతాబ్దం నాటికే ఇంగ్లండు నేల చాలావరకు ఇలాంటి పారిష్‌లుగా విడిపోయింది. క్రీస్తు ఆరోహణ పండుగకు ముందు రోజుల్లో గురువు, ఊరి పెద్దలు, పిల్లలు కలిసి హద్దు వెంట నడిచి, హద్దురాళ్లను బెత్తాలతో కొట్టి, ఆ చోటు మరచిపోకుండా ఉండటానికి పిల్లలను ఆ రాళ్లకు తాకించి వచ్చే ఆచారం అక్కడ ఉండేది. బొడ్రాయి పండుగనాడు పొలిమేర పొడుగునా పొలి చల్లుకుంటూ తిరిగే ఊళ్లవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు. ఈ హద్దు భక్తికి మాత్రమే సంబంధించినది కాదు. పంటలో పదో వంతు ఏ గుడికి చేరాలో, ఏ పేదవాడిని ఏ ఊరు పోషించాలో తేల్చేది అదే. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లోనూ బాప్తిస్మాలు, పెండ్లిళ్లు, సమాధులు ఒక పుస్తకంలో రాసి ఉంచాలని ఆజ్ఞాపించిన తరువాత, రాజుల చరిత్రలో ఎక్కడా చోటు దొరకని కూలీ పేరు కూడా గుడి పెట్టెలో భద్రంగా నిలిచింది. ఇంగ్లండు గ్రామ చరిత్రకారులు ఈనాటికీ మొట్టమొదట తెరిచేది ఆ పుస్తకాలనే.

గుడి కట్టడంలోనూ ఈ ఏర్పాటు కనిపిస్తుంది. పారిష్ చర్చి స్థూలంగా రెండు గదుల కట్టడం. జనం నిలిచే పొడవాటి హాలును ‘నేవ్’ అంటారు. ఓడ అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి ఆ పేరు పుట్టింది. దానికి తూర్పు చివర, కొంచెం ఇరుకుగా, ఒకటి రెండు మెట్లు ఎత్తుగా, ప్రభువు బల్ల ఉండే గదిని ‘చాన్సెల్’ అంటారు. రెండింటి నడుమ జాలీ తెర ఉండేది కాబట్టి, జాలీ అనే అర్థమున్న లాటిన్ పదమే దానికి పేరయింది. మండపాన్ని, గర్భగుడిని, నడుమనున్న అంతరాళాన్ని ఎరిగిన వేములవాడ రాజన్న భక్తుడికి ఈ విభజన చెప్పకుండానే అర్థమవుతుంది; తేడా ఏమిటంటే, చర్చిలో జనం మండపంలో గుంపుగా నిలిచి, కదలకుండా, ఒకే ప్రసంగాన్ని గంటసేపు వినాలి, గుడిలో దర్శనం చేసుకుని ప్రదక్షిణగా సాగిపోతారు. అందుకే చర్చి హాలుకు పొడవు, వెలుతురు, మాట వినబడటం అనే మూడు అవసరాలు పుట్టాయి. చాన్సెల్ బాగోగులు గురువువి, నేవ్ బాగోగులు ఊరివారివి అన్న పాత ఇంగ్లీషు నియమం వల్ల ఒకే గుడిలో సగం మరమ్మతుతో మెరుస్తూ, మిగతా సగం కురుస్తూ ఉండటం కూడా అరుదేమీ కాదు.

నేవ్‌కు అటూ ఇటూ స్తంభాల వరుస వెనుక ఉండే పక్క వసారాలు, చాన్సెల్‌కు ముందు రెండు వైపులా చేతులు చాచినట్టు పొడుచుకు వచ్చి కట్టడానికి సిలువ ఆకారం ఇచ్చే బాహువులు, పడమటి కొసన గంటలు మోగే బురుజు, ద్వారం దగ్గర బాప్తిస్మపు తొట్టి, చుట్టూ సమాధుల తోట అన్నవి కాలక్రమంలో ఒక్కొక్కటిగా చేరాయి. ఒక తరం కట్టిన గోడను మరో తరం పగలగొట్టి వసారా చేర్చింది. పదిహేనో శతాబ్దపు ఉన్ని వ్యాపారం కలిసివచ్చిన ఊళ్లలో పెద్ద పెద్ద కిటికీలు, ఎత్తైన బురుజులు లేచాయి. పదహారో శతాబ్దంలో మత సంస్కరణ వచ్చినప్పుడు గోడల మీది బొమ్మలకు సున్నం కొట్టారు. ఒకే చేతి పని అనిపించే పాత పారిష్ చర్చి దాదాపు కనిపించదు.

ఈ చర్చిలలో ఎక్కువ వాటి రూపాన్ని నిర్ణయించిన పద్ధతికి ‘గోతిక్’ అని పేరు. ఈ పేరు మెచ్చి పెట్టినది కాదు. ఇటలీ పునరుజ్జీవన కాలపు పండితులు, ఇది రోమును కూలగొట్టిన గోతుల అనాగరిక కట్టుబడి అని ఈసడిస్తూ పెట్టినది. 1140లలో పారిస్ దగ్గరి సెయింట్ డెనీ మఠంలో స్పష్టంగా రూపం దిద్దుకున్న ఈ పద్ధతికి ప్రాణం మొనదేరిన కమానులో ఉంది. దూలం బరువును నిలువునా కిందికే దింపుతుంది. అందుకే స్తంభాల మీద రాతి దూలాలు పరిచిన కాకతీయుల మండపంలో స్తంభాలు దగ్గర దగ్గరగా ఉండక తప్పదు. కమాను బరువును కిందికీ, పక్కలకూ నెడుతుంది. అర్ధచంద్రాకారపు కమాను కంటే మొనదేరిన కమాను పక్కలకు నెట్టేది తక్కువ, కిందికి దింపేది ఎక్కువ. ఆ మిగిలిన తోపును గోడ బయట అక్కడక్కడా కట్టిన ఊతగోడలు కాచుకుంటే, ఊతకూ ఊతకూ నడుమ గోడ బరువు మోయవలసిన పని తప్పి, దాని స్థానంలో అద్దం బిగించే వీలు కలుగుతుంది. రాతి గోడ రంగుల తెరగా మారడానికి వెనుక ఉన్న లెక్క ఇంతే.

మొనదేరిన కమాను తెలంగాణకు మిషనరీలు తెచ్చినది కాదన్న సంగతి ఇక్కడ గుర్తు చేయవలసి ఉంది. 1591 నాటి చార్మినారు నాలుగు ముఖాలూ అవే కమానులు. 1754 ప్రాంతంలో జఫరుద్దౌలా కట్టించిన ఎల్గందల మసీదు, ఊపితే ఊగే దాని మినారుతో సహా, ఈ ప్రాంతపు పనివారికి ఆ విద్య కరతలామలకమని చాటుతుంది. ఐరోపా ఇంజనీరు చేయి కూడా ఇక్కడికి చర్చితో రాలేదు. అదే జఫరుద్దౌలా కోసం 1747లో ఫ్రెంచి ఇంజనీర్లు కట్టినట్టు గెజిటీర్లు నమోదు చేసిన జగిత్యాల కోట, చుట్టూ కందకంతో, ఒక గోడను మరో బురుజు మీది ఫిరంగి కాచేలా కోణాలు తీర్చిన నక్షత్రాకారంతో, ఐరోపా కోటల లెక్క ప్రకారం లేచిన కట్టడం. కాబట్టి ఈ నేల మీద ఐరోపా వాస్తువు తొలి అచ్చు సిలువ ఆకారంలో కాక నక్షత్రం ఆకారంలో పడింది. తుపాకీ ముందు వచ్చింది, గంట తరువాత వచ్చింది.

గంట కూడా మొదట తుపాకీ వెంటే వచ్చింది. 1798 సంధి ప్రకారం నిజాం ఖర్చుతో ఇంగ్లీషు పటాలాలు హైదరాబాదు దగ్గర దిగిన తరువాత, 1806లో సికిందర్ జా పేరిట సికింద్రాబాదు కంటోన్మెంటు వెలిసింది. అక్కడి సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. విక్టోరియా రాణి సొంత సొమ్ముతో కట్టారని చెప్పే బొలారం హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. 1983 నవంబరులో రెండో ఎలిజబెత్ రాణి తన పెండ్లి రోజున ప్రార్థన చేసింది ఇక్కడే. ఈ రెండూ చూడముచ్చటైన కట్టడాలే అయినా, సిపాయిల కవాతు మైదానాల పక్కన ఇంగ్లండును తలచుకోవడానికి కట్టుకున్న గుళ్లు. వాటి తలుపులు తెలుగు పల్లె వైపు తెరుచుకోలేదు.

మెదక్, కరీంనగర్ ప్రాంతపు పల్లెల వైపు నడిచినవారు ఇంగ్లండు ప్రభుత్వ మతానికి చెందిన ఆంగ్లికన్లు కాదు, దానిలోంచి చీలిన మెథడిస్టులు. పద్దెనిమిదో శతాబ్దంలో జాన్ వెస్లీ పారిష్ హద్దులను లెక్కచేయకుండా గనుల దగ్గర, సంతల్లో, పొలాల గట్ల మీద ప్రసంగాలు చేస్తూ తిరిగారు. ఆయన అనుచరుల సంఘానికి పారిష్ లేదు, బోధకులు గుర్రాల మీద తిరిగి వచ్చే ‘సర్కిట్’ మాత్రమే ఉంది. బ్రిటన్ మెథడిస్టులకు బిషప్పులూ లేరు. వారి మందిరాలు చాలాకాలం ఊరి పారిష్ చర్చికి పోటీ పడకుండా, నాలుగు గోడలు, ఒక ప్రసంగ వేదిక, చుట్టూ మేడ వరండాతో సాదాగా ఉండేవి. 1850లో ఫ్రెడరిక్ జాబ్సన్ అనే మెథడిస్టు బోధకుడు మందిరాల, బడుల వాస్తువు మీద పుస్తకం రాసి, క్రైస్తవ ఆరాధనకు తగిన రూపం గోతిక్కేనని వాదించిన తరువాత గాలి మారింది. ఆ శతాబ్దం ముగిసేసరికి, తాతల తరం విడిచి వచ్చిన పారిష్ చర్చి రూపాన్నే మనుమల తరం ఏరికోరి తెచ్చుకుంది.

ఆ తరం మెథడిస్టులే 1870ల చివర విలియం బర్జెస్ నాయకత్వాన నిజాం రాజ్యంలో అడుగుపెట్టి, 1880లలో కరీంనగర్, సిద్దిపేట, మెదక్‌లను కేంద్రాలుగా చేసుకున్నారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పటికి ఎల్గందల జిల్లాలోవి. 1905లో ఆ జిల్లా పేరు కరీంనగర్‌గా మారింది. ఈ మిషన్‌లో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ వాడల వారు. ఊరి గుడి గడప తొక్కనివ్వని, ఊరి బావి నీళ్లు తోడనివ్వని మనుషులకు పేరు పెట్టి పిలిచి, చాప పరిచి కూర్చోబెట్టి, అక్షరాలు దిద్దించిన చోటు అది. పారిష్ అనేది ఇంగ్లండులో ఊరందరి మీదా పుట్టుకతోనే పడే హద్దు. ఇక్కడ సంఘం మాత్రం ఊరి హద్దుకు అవతల, వెలివాడలో మొదలైంది. మెదక్ చర్చి కథను ఈ సంగతి మరచి చెప్పినవారు రాళ్ల కథ మాత్రమే చెప్పినట్టు.

ఆ చర్చికి మూలపురుషుడు చార్లెస్ వాకర్ పోస్నెట్. 1895లో సికింద్రాబాదు తిరుమలగిరి పటాలాల మధ్య బోధకుడిగా చేరిన ఆయన, సిపాయిల కొలువు విడిచి పల్లెల బాట పట్టి, కొద్ది కాలానికే మెదక్ చేరారు. అన్నం మెతుకు నుంచి పుట్టిందని జనం చెప్పుకునే పేరు గల ఆ ఊళ్లో ఆయన చర్చి పని 1914లో మొదలైంది. ఆ ఏడే ఐరోపాలో మహాయుద్ధం వచ్చింది. 1918లో వానలు ముఖం చాటేసి దక్కను కరువు పాలైంది. అదే ఏడు ఇన్‌ఫ్లుయెంజా జ్వరం ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. పనికి తిండి అనే పద్ధతి మీద, తిండి లేక వచ్చినవారికి రాళ్లెత్తే పని ఇచ్చి అన్నం పెట్టారన్నది మెదక్ చుట్టుపక్కల తరతరాలుగా నిలిచిన జ్ఞాపకం. ఊరికే పెట్టే అన్నానికి చేయి చాచడానికి మనసొప్పని కాపుదనపు ఇళ్లవారు కూడా కూలి అంటే వస్తారని కరువు రోజులు ఎరిగినవారు చెప్పే మాటలో నిజం ఉంది. పదేళ్లు సాగిన పని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో ముగిసింది.

నమూనా గీసినది ఇంగ్లండులోని బోల్టన్ పట్టణానికి చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థ; వాస్తుశిల్పిగా థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ పేరు చెబుతారు. మెథడిస్టు మందిరాలతో పాటు నూలు మిల్లుల కట్టడంలోనూ పేరు మోసిన సంస్థ ఇది. 1779లో శామ్యూల్ క్రాంప్టన్ నూలు వడికే ‘మ్యూల్’ యంత్రాన్ని కనిపెట్టింది ఆ బోల్టన్‌లోనే. లాంకషైర్ మిల్లుల నూలు, బట్ట తెలుగు నేల మీది రాట్నాన్ని మూలన పడేసి మగ్గాన్ని ఎంత కుంగదీశాయో సిరిసిల్ల సాలెవాడలకు ఒకరు చెప్పనక్కరలేదు. అదే బోల్టన్‌లో నమూనాలు గీసేవారి బల్ల మీద మెతుకుసీమ గుడి నమూనా తయారు కావడం చరిత్రలో తరచూ జరిగే, ఎవరూ లెక్క రాయని ఇచ్చిపుచ్చుకోళ్లలో ఒకటి.

కట్టడం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంటల బురుజు ఎత్తు సుమారు 175 అడుగులు. లోపల 5,000 మంది పడతారు. ఇంగ్లండు పల్లెలో రెండు మూడు వందల మంది పట్టే పారిష్ చర్చి భాగాలన్నీ ఇందులో ఉన్నాయి: నేవ్, పక్క వసారాలు, రెండు బాహువులు, చాన్సెల్, బురుజు, ఊతగోడలు, బురుజు నాలుగు మూలలా సన్నని శిఖరాలు. మారినది కొలత. దూరం నుంచి చూసినవారికి బురుజు ఒక్కటే కనిపించి ఊరి చర్చి అనిపిస్తుంది. దగ్గరికి వచ్చే కొద్దీ ఒక్కొక్క అంతస్తూ విడివడి, తల వెనక్కి వంచితే తప్ప పైకొస అందదు. నాటి కట్టడాల పద్ధతిలో రాయిని, డంగు సున్నాన్ని నమ్ముకున్న పని ఇది. రాతితొట్టిలో ఎడ్లు తిప్పే గానుగ చక్రం కింద సున్నం, ఇసుక, నీళ్లు గంటల తరబడి నలిగి వెన్నలా అయితే తప్ప డంగు సున్నం అనిపించుకోదు. సిమెంటులా ఒక్క రాత్రిలో గట్టిపడదు, ఏళ్ల తరబడి గాలిని పీల్చుకుంటూ మెల్లగా రాయిగా మారుతుంది. ఎండకు రాయి సాగినా, చలికి ముడుచుకున్నా కాస్త సర్దుకుపోయే గుణం దానికి ఉంది. ఈ సున్నపు గోడల పగుళ్లకు నేడు సిమెంటు పూయడం రోగానికి విషం పట్టడమే. పాత కట్టడాల ధర్మకర్తలు, ఏ మతంవారైనా, ఈ ఒక్క పొరపాటు మానుకుంటే సగం కాపాడినట్టు.

లోపల బూడిద రంగు రాతి స్తంభాలు గుత్తులు గుత్తులుగా లేచి, పైన కమానులుగా విడిపోయి, కప్పు కింద గొడుగు ఈనెల్లా కలుసుకుంటాయి. నేలకు పరిచిన రంగురంగుల పెంకులు బ్రిటన్ నుంచి వచ్చాయి. వాటిని పరవడానికి ఇటలీ పనివారు వచ్చారని చెబుతారు. ఇంగ్లండు చర్చిలో ఈ నేల మీద బెంచీల వరుసలుంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో వాటికి అద్దె కట్టి కుటుంబాల వారీగా పంచుకునేవారు, డబ్బు లేనివాడు వెనుక నిలబడేవాడు. తెలుగు పల్లె సంఘాలకు అలవాటైన ఆరాధన చెప్పులు బయట విడిచి, కింద పరిచిన చాపల మీద, ఆడవారు ఒకవైపు, మగవారు ఒకవైపు కూర్చునేది. నేల మీద కూర్చునే జనానికి బెంచీల జనం కంటే తక్కువ చోటు చాలు. 5,000 అన్న లెక్కను ఈ అలవాటుతో కలిపి చదువుకోవాలి.

అద్దాల కిటికీలు మూడు. ప్రభువు బల్ల వెనుక క్రీస్తు ఆరోహణం, ఒక బాహువులో జననం, మరో బాహువులో సిలువ మరణం. ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమరాయి. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ పని ఇది. గాజు మీద మామూలు రంగు పూస్తే ఇలాంటి కిటికీ కాదు. గాజు కరిగేటప్పుడే లోహపు లవణాలు కలిపి, నీలానికి కోబాల్టు, పచ్చకు రాగి లేదా ఇనుము అన్నట్టుగా, ముద్ద ముద్దకూ రంగు పట్టిస్తారు. చిత్రం గీసిన కాగితం మీద ఆ గాజు ముక్కలను పేర్చి, ముఖాల కవళికలు, బట్టల ముడతలు ముదురు రంగుతో గీసి కొలిమిలో కాలుస్తారు. ఆ పైన ముక్కకూ ముక్కకూ నడుమ సీసపు పట్టీని దూర్చి, అతుకుల దగ్గర మాటు వేస్తారు. దగ్గరికి పోయి చూస్తే, బొమ్మ చుట్టూ నల్లని గీతలుగా తోచేవన్నీ ఆ సీసపు పట్టీలే. సూర్యుడు గాజు వెనుక ఉన్నంతసేపే బొమ్మకు ప్రాణం. పొద్దుగుంకాక లోపల ఎన్ని దీపాలు వెలిగించినా కిటికీ నల్లని పలక అవుతుంది. చదువు రాని భక్తుడికి కథ చూపడానికి మధ్యయుగపు ఐరోపా కనిపెట్టిన ఈ ఉపాయం, వీధిలో తెర కట్టి బొమ్మలాడించిన, పటం విప్పి కులపురాణం పాడించిన తెలంగాణ జనానికి సులువుగానే పట్టుబడింది.

మెదక్ చర్చిని నేడు కెథడ్రల్ అంటారు. బిషప్పు పీఠం ఉన్న చర్చికే ఆ పేరు చెల్లుతుంది కాబట్టి, 1924లో ప్రతిష్ఠ జరిగిన నాడు ఇది కెథడ్రల్ కాదు, కావడానికి వీలూ లేదు; బిషప్పులే లేని మెథడిస్టుల గుడి అది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడి, మెదక్ ఒక అధ్యక్ష మండలంగా, ఫ్రాంక్ విటేకర్ దానికి తొలి బిషప్పుగా అయినప్పుడు, కట్టిన 23 ఏళ్ల తరువాత ఈ గుడికి ఆ హోదా వచ్చింది. వాటికన్ తరువాత అంతటి అధ్యక్ష మండలం ఇదేనని తరచూ వినిపించే మాటకు ఆధారం లేదు. వాటికన్ కతోలికులది, ఈ సంఘం దాని పాలనలోనిదే కాదు, అధ్యక్ష మండలాల విస్తీర్ణాన్ని అలా పోల్చడానికీ వీల్లేదు. బురుజు చార్మినారు కంటే ఎత్తు కాబోతున్నదని నిజాం సర్కారు అభ్యంతరం చెప్పిందన్న మరో కథ ఉంది. చార్మినారు ఎత్తు 160 అడుగుల ప్రాంతం కాబట్టి కొలత వరకు అది నిజం; మిగతాది, పెద్ద కట్టడం ప్రతిదానికీ జనం కట్టే కథల్లో చేరుతుంది.

ఇదే కాలంలో ఇదే నిజాం రాజ్యంలో మరో దారి తొక్కిన గుడి డోర్నకల్‌లో ఉంది. భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పుగా 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడైన, తిరునల్వేలి ప్రాంతానికి చెందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, తన పీఠానికి గోతిక్ వద్దన్నారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్‌లో గుడి మండపపు స్తంభాలు, మసీదు గుమ్మటాలు, మినారులు కలిసి, సిలువ కింద నిలిచాయి. రెండింటిలో ఏది గొప్ప అన్న చర్చలో డోర్నకల్‌ను దేశీయమని మెచ్చి, మెదక్‌ను ఇంగ్లండు నకలు అని పక్కన పెట్టడం పండితులకు అలవాటు. ఆ తీర్పు సగమే సరైనది. ఊరి గుడి ఎవరికి మూసి ఉండిందో ఆ జనానికి, ఆ గుడి స్తంభం మీది పద్మం తమదే అనిపించిందా, లేక ఊళ్లో మరెవరికీ లేని కొత్త ఆకారమే గౌరవంగా తోచిందా అన్న ప్రశ్నకు జవాబు రాతిలో దొరకదు. జనం మాత్రం ఏటా నడిచి వచ్చి మెదక్‌కు ఓటు వేస్తూనే ఉన్నారు.

ఆ రాక క్రిస్మస్ నాటి తెల్లవారుజామున చూడాలి. చలిలో, చీకటి విడకముందే మొదటి ఆరాధన మొదలవుతుంది. సిరిసిల్ల నుంచి కామారెడ్డి, రామాయంపేటల మీదుగా, జగిత్యాల, కోరుట్లల నుంచి అంతకంటే దూరం తిరిగి, ముందు రోజే చేరినవారు ఆవరణలో చెట్ల కింద వండుకుని, పిల్లలను దుప్పట్లలో చుట్టి పడుకోబెట్టి ఉంటారు. వారిలో క్రైస్తవులు కానివారు చాలామంది. కొబ్బరికాయ కొట్టడం ఇక్కడ లేదని తెలిసి కొవ్వొత్తి వెలిగించి, కొండగట్టు అంజన్నకు, వేములవాడ రాజన్నకు మొక్కినట్టే మొక్కి, పక్కనే గాజుల దుకాణం ముందు బేరమాడి పోతారు. వేములవాడ గుడి ఆవరణలోని దర్గాకు కూడా దండం పెట్టి వచ్చే చేతులే ఇవి. ఇంగ్లండు పారిష్ చర్చికి జాతర లేదు. దాని జనం ఎవరో హద్దురాయి ముందే తేల్చింది. మెదక్‌కు చేరేసరికి ఆ గుడి శరీరం మొత్తం వచ్చింది గాని, హద్దు రాలేదు. ఇంగ్లండులో పారిష్ తన గుడిని కట్టుకుంటే, ఇక్కడ గుడి తన జనాన్ని పోగుచేసుకుంది.

రాని వాటిలో రిజిస్టరు మాత్రం లేదు. బాప్తిస్మం పొందినవారి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తేదీ రాసి ఉంచే 1538 నాటి అలవాటు మిషన్ వెంట తెలంగాణ వాడల్లోకీ వచ్చింది. పట్వారీ పహాణీలో భూమి ఉన్నవాడి పేరే దొరుకుతుంది. భూమి లేనివాడి తాత పేరు, పెండ్లి నాటి వయస్సు, కరువులో ఏ ఊరు విడిచి ఏ ఊరు చేరాడన్న జాడ దొరికే కాగితాలలో ఈ రిజిస్టర్లు ముందు వరుసలోవి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు సంఘాలలో, మందిరం బీరువాల్లోనో, పాత పాస్టర్ల ఇళ్ల పెట్టెల్లోనో ఇలాంటి పుస్తకాలు ఉంటే, చెదలు తినకముందే పుట పుటకూ ఫోటో తీయించి, ఒక ప్రతి సంఘంలో, ఒక ప్రతి జిల్లా గ్రంథాలయంలో ఉంచే పని ఆ సంఘాల పెద్దలు పూనుకోవాలి.